నడుం వాల్చిన వానాకాలం

ఆ ఏడు వానలు అందుకున్న వారంలోనే మా ఆయన తన బస్సులోంచి తను దిగలేకపోయాడు.

పొద్దుటి డ్యూటీ ముగించుకుని, ప్రయాణికులందర్నీ దించేసి, ఖాళీ బస్సును డిపోలోకి తెచ్చి ఎప్పటిలాగే గీత గీసినట్టు నిలబెట్టాడట. ఇంజను ఆపాడు. సీట్లోంచి లేవబోతే నడుం లేవనివ్వలేదు. ఎడమకాలు తనది కానట్టు ఉండిపోయింది. హారన్ కొట్టి ఎవరినైనా పిలవొచ్చు. పరువు పోతుందని కొట్టలేదు. స్టీరింగ్ మీద చేతులు ఆనించుకుని, అటుగా వచ్చిన మెకానిక్కుకు అనుమానం వచ్చి తలుపు తెరిచేదాకా అలాగే కూర్చున్నాడు. తర్వాత నలుగురు కలిసి, బీరువాను దింపినట్టు దింపారు.

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. ఫోన్ మోగితే భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

"అన్నం తిన్నావా?" అన్నాడు ఆయన.

ఇన్నేళ్ల కాపురంలో డ్యూటీ వేళ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగిన మనిషి కాదు. నా చేతిలోని స్క్రూ ఎక్కడో జారిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలేదు. నడుం కాస్త పట్టేసింది. నువ్వు కంగారు పడకుండా రాగలిగితే రా."

నడుం పట్టెయ్యడం ఆయనకు కొత్తేమీ కాదు. బెల్టు బిగించుకుని, మాత్ర వేసుకుని, వెనక ఒక దిండు పెట్టుకుని లాక్కొస్తూనే ఉన్నాడు. ఈసారి లాగడానికి కాలు లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మా అమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. తెర మీద బొమ్మ చూపించి, వెన్నెముకలో రెండు ఎముకల మధ్య ఉండే మెత్త జారి, కాలికి వెళ్లే నరాన్ని నొక్కుతోందని చెప్పింది. తర్వాత ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, "ఎడమ బొటనవేలు పైకెత్తండి" అంది.

ఆయన ఎత్తాడు. ఎత్తాననే అనుకున్నాడు. నేను కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాను. వేలు కదల్లేదు.

"ఎత్తండి."

"ఎత్తాను కదమ్మా," అన్నాడు, నాకేసి చూసి సాక్ష్యం అడుగుతున్నట్టు. నేను చూపు తిప్పుకున్నాను.

ఆలస్యం చేస్తే ఆ పాదం అలాగే ఉండిపోవచ్చని, ఆపరేషన్ తప్పదని చెప్పింది డాక్టరమ్మ. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"తర్వాత బస్సు నడపగలనా?"

"ముందు మీరు నడవండి. నడపడం సంగతి తర్వాత చూద్దాం."

ఏమేం జరగొచ్చో కూడా ఆవిడ దాచలేదు. ఎక్కువమంది బాగుపడతారు. చాలా అరుదుగా నరానికి దెబ్బ తగలొచ్చు. అరుదుగా అన్న మాట ఆయన పట్టుకున్నాడు. దెబ్బ అన్న మాట నేను పట్టుకున్నాను. ఒకే గదిలోంచి చెరో మాట తీసుకుని బయటికొచ్చాం.

సాయానికని వదిన దిగింది. వదినంటే మా ఆయన అక్క. ఎక్కడికెళ్లినా తన దిండు తను తెచ్చుకునే మనిషి. వచ్చిన పూటే తమ్ముడి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూరగాయలు తరుగుతూ మొదలుపెట్టింది.

"మా వీధి చివర దర్జీ ఉన్నాడు చూడు, వాడికీ ఇదే ఆపరేషన్. బ్రహ్మాండంగా చేశామన్నారు. ఇప్పుడు వాణ్ణి గడప దాటించాలంటే ఇద్దరు మనుషులు కావాలి."

"వదినా, ఆయన వింటున్నారు," అన్నాను.

"వినాలనే చెప్తున్నా. అన్నీ తెలిసుండాలి. ఇంకా ఆ పాల బూతు ఆయన సంగతి చెప్పనే లేదు."

"అక్కా," అన్నాడు మా ఆయన కళ్లు మూసుకునే, "బాగుపడ్డవాళ్లు ఒక్కరైనా తెలుసా నీకు?"

వదిన కత్తి ఆపి నిజంగానే ఆలోచించింది. "బాగుపడ్డవాళ్లు మనకెందుకు కనిపిస్తార్రా? వాళ్ల పనుల్లో వాళ్లుంటారు."

ఆయన నవ్వబోయి, నడుం కలుక్కుమని ఆగిపోయాడు.

ఆపరేషన్‌కి ముందున్న ఆ కొద్ది రోజుల్లో నాకు కొత్త జబ్బొకటి పట్టుకుంది. దానికి పేరేమిటో అప్పుడు తెలియదు. బస్సులో నిలబడి ఉంటాను, ఉన్నట్టుండి గుండె గొంతులోకి వచ్చి కూర్చుంటుంది. చెవుల్లో హోరు. అరచేతులు తడిసిపోతాయి. నా పక్కనున్నవాళ్లు మాత్రం కిటికీలోంచి వాన చూస్తూ ఉంటారు. ఇంటికి తాళం వేసి మూడు మెట్లు దిగి, వేశానా లేదా అని మళ్లీ ఎక్కేదాన్ని. ఆయన నిద్రపోతుంటే దుప్పటి పైకీ కిందికీ ఆడుతోందో లేదో గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నడుముకి ఆపరేషన్ అంటే ఊపిరి చూడ్డమేమిటని నన్ను నేనే తిట్టుకున్నా చూడ్డం మానలేదు.

షాపులో ఒక సాయంత్రం ఒక పిల్లాడి కళ్లజోడు అద్దం అంచు పగలగొట్టాను. కొత్తది తెచ్చి బిగించబోతే అదీ చిట్లింది. మా యజమానిని మేమందరం పెద్దాయన అంటాం. నా వెనక నిలబడి చూసినట్టున్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

"అమ్మా, కొన్నాళ్లు ముందు కౌంటరు దగ్గర కూర్చో," అన్నాడు మెల్లగా.

ఆ పనిలో నా చెయ్యి తిరిగిందని ఊళ్లో మిగతా షాపులవాళ్లు కూడా నాకే పని ఇచ్చేవాళ్లు. ఆ రోజునుంచి నవ్వు మొహం పెట్టుకుని, వచ్చినవాళ్లకు అద్దం పట్టుకునే పని నాది. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు? ఆయనకి చెప్పకూడదు. వదినకి చెబితే నా మీద కూడా ఒక కథ తయారవుతుంది. అమ్మాయికైతే అసలే చెప్పకూడదు.

మా అమ్మాయి వేరే ఊళ్లో ఉంది. ఐదో నెల. కదలకుండా పడుకోవాలని చెప్పారు దానికి. అందుకని తండ్రి సంగతి సగమే చెప్పాం. రోజూ సాయంత్రం ఫోన్ వచ్చేది. ఆయన గొంతు సవరించుకుని, పడుకున్నవాడు పడుకున్నట్టే వేషం వేసుకునేవాడు.

"నాకేంటే తల్లీ? రాజులా ఉన్నాను. మీ అత్త వండుతోంది, మీ అమ్మ వడ్డిస్తోంది. ఇంకో పది రోజులిలా ఉంటే నన్ను బస్సులో పట్టించడం కష్టం."

అటునుంచి అది కూడా గలగలా నవ్వేది. "నేనూ అంతే నాన్నా. తినడం, పడుకోవడం."

ఫోన్ పెట్టెయ్యగానే ఆయన మొహంలో వెలుగంతా ఒక్కసారిగా ఆరిపోయేది. గోడవైపు తిరిగేవాడు. అటువైపు అదీ గోడవైపే తిరిగేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆకాశం విడవకుండా కురుస్తోంది. చక్రాల మంచం మీద ఆయన్ని తోసుకుపోవడానికి వచ్చినతన్ని, "దీనికి బ్రేకులున్నాయా? మలుపులో హారన్ కొడతావా?" అని నవ్వించాడు. వదినకి చెప్పాడు, "అక్కా, నా కథ కూడా నలుగురికీ చెప్పుకోవాలి నువ్వు, మంచిగా." వాచీ తీసి నా చేతిలో పెట్టాడు. పెట్టిన చెయ్యి మాత్రం తీసుకోలేదు. మంచుగడ్డలా ఉంది. మంచం కదిలేదాకా అలాగే పట్టుకుని, తలుపు దగ్గర విడిచిపెట్టాడు.

వరండాలో వరసగా కుర్చీలు. వదినా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. ఇక దర్జీ, పాల బూతు ఆయన, ఇంకా ఎవరెవరో వస్తారని సిద్ధపడి ఉన్నాను. వదిన నోరు విప్పలేదు. ఎదుటి గోడకేసి చూస్తూ, ఒళ్లో చెంగును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది. చాలాసేపటికి నాకే భయం వేసింది.

"వదినా, ఏదైనా మాట్లాడండి."

ఆవిడ నావైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు. "వీణ్ణి నేనే చంకనేసుకుని పెంచానే. ఏం మాట్లాడమంటావ్?"

అన్ని రోజులుగా ఆవిడ ఎందుకంత వాగిందో అప్పుడు అర్థమైంది. నేను తాళం మళ్లీ మళ్లీ చూసుకున్నట్టే ఆవిడ ఆ కథలు చెప్పుకుంది. నా భుజం మీద తల ఆనిస్తే, ఆనించుకోనిచ్చాను.

డాక్టరమ్మ బయటికొచ్చి నోటికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. "బాగా జరిగింది. నరం మీద ఒత్తిడి తీసేశాం." సాయంత్రానికి ఆయన బొటనవేలు రవ్వంత కదిలింది. కాలిలో మంట పోయిందన్నాడు. వదిన వార్డులో ఉన్నవాళ్లందరికీ చెప్పింది, పరాయివాళ్లక్కూడా.

నిజానికి అక్కడితో మా కష్టం తీరిపోవాలి.

మా ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. డిపోనుంచి ఇద్దరు మెకానిక్కులొచ్చి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. వంగకూడదు, మెలి తిరగకూడదు, బరువెత్తకూడదు, ఎక్కువసేపు కూర్చోకూడదు. కానీ నడవాలి. రోజూ, ప్రతి పూటా, ఇవాళ్టికంటే రేపు ఇంకాస్త ఎక్కువ నడవాలి. ఈ చివరిదొక్కటే ఆయన వినలేదు.

గాజు సామాను పెట్టిన పెట్టెలాగా పడుకునేవాడు. స్నానాల గదికి వెళ్లాలంటే నా భుజం కావాలి. రెండడుగులు వేసి ఆగి, "లోపల ఏదో కలుక్కుమంది" అనేవాడు. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి నొక్కి చూసి, "అంతా బాగుందండీ, నడవకపోతేనే ఇబ్బంది" అని చెబితే బుద్ధిగా తలూపేవాడు. ఆ అమ్మాయి మెట్లు దిగకముందే మళ్లీ మంచం మీద. పట్టుకుని నడవమని తెచ్చిన వాకర్ మీద మేం తువ్వాళ్లు ఆరేసుకునేవాళ్లం.

అన్నిటికంటే, ఆయన మాట్లాడ్డం మానేశాడు. బస్సెక్కిన ముసలివాళ్లనీ, ఇంజన్నీ, ట్రాఫిక్ పోలీసునీ అందర్నీ పలకరించే మనిషి. ఇప్పుడు ఆయన నోట రోజంతా ఒకటే మాట. "ఒకసారి కుట్టు చూడు. తడిగా ఉన్నట్టుంది."

చూసేదాన్ని. పొడిగా ఉండేది. "ఏం లేదు," అనేదాన్ని. గంట తిరక్కముందే మళ్లీ.

వదిన ఇంటికి ఎవరో చుట్టాలొచ్చారంటే వెళ్లింది. తన దిండు మాత్రం తమ్ముడికి వదిలేసి వెళ్లింది. ఇక ఇద్దరమే మిగిలాం. పొద్దున వంట, ఆయన స్నానం, నా పని, తిరిగొచ్చి మళ్లీ వంట, ఉతుకు. ఇంట్లో వంగి చేసేవన్నీ నావే. చెంచా కింద పడితే నేను, చెప్పులు తొడగాలంటే నేను, గోళ్లు తియ్యాలంటే నేను. ఎండని బట్టలు ఇల్లంతా వేలాడుతూ ముక్కిపోయిన వాసన. నాకూ నడుం లాగేసేది. ఆ మాట పైకి అనే వీల్లేదు. ఆ ఇంట్లో నడుం నొప్పన్నది ఆయన సొంతమైపోయింది.

ఒక సాయంత్రం పనినుంచి వస్తూ, మూడో అంతస్తు చేరాక కాస్త ఊపిరి తీసుకుందామని మెట్టు మీద కూర్చున్నాను. ఆ అంతస్తులో రెండిళ్లూ ఖాళీ. చూసేవాళ్లు లేరు. గొడుగునుంచి నీళ్లు మెట్టు మీదికి కారుతున్నాయి. ఒళ్లో సంచీ. పైన ఇంకో పద్దెనిమిదో ఇరవయ్యో మెట్లు. అవి ఎక్కితే తలుపు, తలుపు తీస్తే "ఒకసారి చూడు." నేను ఏడవలేదు. ఏమీ ఆలోచించలేదు కూడా. ఎవరికీ ఏమీ కాకుండా ఉండడం ఎంత హాయిగా ఉందో! మనిషి కదిలితే వెలిగే మెట్ల దీపం దానంతటదే ఆరిపోయేదాకా కూర్చున్నాను.

మర్నాడూ కూర్చున్నాను. ఆ తర్వాత అదొక అలవాటైపోయింది. షాపులో జనాలకు అద్దం పట్టుకుని నవ్వుతున్నంతసేపూ ఆ మెట్టు గుర్తొచ్చేది.

వానలు ముదిరాయి. ఒకరోజు తడిసి ముద్దయి ఇల్లు చేరాను. చెప్పులింకా విప్పలేదు.

"వచ్చావా? ఒకసారి కుట్టు చూడు."

"ఏం లేదు," అన్నాను.

"చూడకుండానే?"

"చూడక్కర్లేదు. పొద్దున లేదు, నిన్న లేదు, మొన్న లేదు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీ నడుం డాక్టరమ్మ బాగుచేసింది. మిగతాది బాగుచెయ్యడం నా వల్ల కాదు."

ఆయన, పక్కకు తిరగడం కూడా చేతకాదు కదా, కప్పుకేసి చూస్తూ ఉండిపోయాడు. నేను వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించి, దాని మీద ఏం పెట్టాలో గుర్తురాక ఆపేశాను. ఆ పూటే కాదు, ఆ తర్వాత కూడా ఆయన కుట్టు చూడమని అడగలేదు. అడగకపోతే హాయిగా ఉంటుందనుకున్నాను గానీ, లేదు.

మాటలు లేని ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మెట్టు మీద ఇంకొంచెం ఎక్కువసేపు కూర్చుండిపోయాను. పైన తలుపు గడియ తీసిన చప్పుడైంది.

పొరుగువాళ్లేమో అనుకున్నాను. చెప్పు నేలకు రాసుకున్న చప్పుడు. ఆగింది. మళ్లీ ఒక చప్పుడు. ఎడమకాలు కాస్త ఈడ్చిన చప్పుడు. పరిగెత్తుకెళ్లి పట్టుకోవాలి. అయినా తలెత్తి చూస్తూ కూర్చున్నాను. మలుపు దగ్గర ముందు పాదాలు కనిపించాయి. తర్వాత లుంగీ అంచు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ కలిపి పెట్టి, మా ఆయన దిగొస్తున్నాడు. చెప్పులు తారుమారుగా తొడుక్కున్నాడు, వంగి చూసుకోలేడుగా.

నాకు నాలుగు మెట్ల పైన ఆగాడు. మొహమంతా చెమట.

"రోజూ ఇక్కడ ఆగుతున్నావు," అన్నాడు రొప్పుతూ. "ఇక్కడ స్టాపు లేదే."

నాకు నవ్వో ఏడుపో తెలియనిదేదో తన్నుకొచ్చింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"మీకెప్పట్నించి తెలుసు?"

"మొదట్నించీ. పొద్దస్తమానం పడుకుని వినడమేగా నా పని. కింద గేటు చప్పుడవుతుంది, నీ అడుగులు ఇందాకా వచ్చి ఆగిపోతాయి."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఆగడం మానేస్తావని." ఊపిరి తీసుకున్నాడు. "ఈమధ్య మాత్రం భయం వేస్తోంది. ఆగి, అట్నించి అటే దిగి వెళ్లిపోతావేమోనని."

"ఎక్కడికి పోతాను?"

"ఎక్కడికైనా. నేనైతే పోయేవాణ్ణి."

కమ్మీ మీద ఆయన వేళ్లు తెల్లబడి ఉన్నాయి. కూర్చోమందామంటే ఆ మెట్టు ఎత్తుకి కూర్చోలేడు, కూర్చుంటే లేవలేడు. నిలబడే చెప్పాడు.

"డాక్టరమ్మ ఆవేళ బొటనవేలు ఎత్తమంది కదా. ఎత్తాననే అనుకున్నానే. ఒట్టు. నా కాలు నాకే అబద్ధం చెప్పింది. అప్పట్నించి ఒంట్లో ఏది బాగుందన్నా నమ్మకం కుదరట్లేదు. అందుకే నిన్ను చూడమనేది. నువ్వు ఏం లేదంటే ఒక గంట నిజమనిపించేది."

నేను అద్దాలు పగలగొట్టిన సంగతి చెప్పాను. కౌంటరు దగ్గర కూర్చోబెట్టిన సంగతి, గుండె గొంతులోకి రావడం, తాళం, దుప్పటి, అన్నీ చెప్పాను. వరసేమీ లేదు, నోటికొచ్చినట్టు చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు, "పిల్లాడి కళ్లజోడు ఇచ్చేశారా మరి?" అని. ఇచ్చేశామన్నాను.

దీపం ఆరిపోయింది. మళ్లీ వెలగాలంటే ఎవరో ఒకరు కదలాలి. నేను లేచి ఆయన చెయ్యి పట్టుకోబోయాను.

"నువ్వు కూర్చో," అన్నాడు. "నీకు సరిపడా కూర్చున్నాక వెళ్దాం."

కూర్చున్నాను. ఆయన కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బయట వాన పడుతూనే ఉంది.

పైకి ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఇంట్లోకి అడుగుపెట్టేసరికి ఫోన్ మోగుతోంది. అమ్మాయి. ఆయన ఇంకా ఆయాసపడుతూనే అందుకున్నాడు. గొంతు సవరించుకోలేదు.

"ఎలా ఉన్నారు నాన్నా?"

"భయంగా ఉందమ్మా."

అది చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడు పలికే గొంతుతో, "నాక్కూడా నాన్నా" అంది.

ఆయన గోడకి ఆనుకుని నిలబడి వింటున్నాడు. కడుపులో బిడ్డ కదలడం కాస్త తగ్గినా అమ్మాయికి ఊపిరాడదట. అత్తగారిని మాటిమాటికీ చెయ్యి పెట్టి చూడమంటుందట. ఆవిడ విసుక్కుంటుందట. "విసుక్కోనీ, ఆవిడకీ ఒళ్లు అలుస్తుంది కదా," అన్నాడు మా ఆయన. "కానీ చూడమని అడగడం మాత్రం మానకు." నాకేసి చూడకుండా అన్నాడు. నేను ఒక్క నిమిషం నడుం వాలుద్దామని పక్కగదిలోకి వెళ్లాను. తడి చీర కూడా మార్చుకోలేదు. తండ్రీ కూతుళ్లు ఎవరి భయం ఎంతో చెప్పుకుంటుంటే ఆ మాటలు వింటూ వింటూనే నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి తెల్లారింది. వంటింట్లో, ముందుగదిలో, వాకిట్లో దీపాలన్నీ ఆర్పి ఉన్నాయి. అన్ని గదులూ తిరిగి ఆర్పింది ఆయనే.

ఆ తర్వాత అంతా చక్కబడిపోయిందని చెప్పను. ఒకరోజు వీధి మలుపు దాకా వెళ్లొచ్చేవాడు, మర్నాడు మంచం దిగేవాడు కాదు. ఎందుకని అడిగితే, "ఇవాళ నమ్మకం లేదు" అనేవాడు. అలాంటి రోజుల్లో కుట్టు చూసి చెప్పేదాన్ని. మచ్చగా మారిపోయినా చూసేదాన్ని. నేను మూడో అంతస్తులో ఆగినరోజు పైనుంచి దగ్గు వినిపించేది, తొందర లేదన్నట్టు. వదిన మళ్లీ వచ్చి, తమ్ముణ్ణి తువ్వాళ్లు లేని వాకర్‌తో చూసి, బాగుపడ్డవాళ్ల జాబితా ఒకటి మొదలుపెట్టింది. అందులో ఒకడే ఉన్నాడు గానీ, ఊరంతా వాడి గురించే చెప్పింది. షాపులో నేను వెనక గదిలోకి ఎప్పుడు తిరిగి వెళ్లానో సరిగ్గా గుర్తులేదు. ఒకరోజు రద్దీలో పెద్దాయన ఒక ఫ్రేము నా చేతికిచ్చాడు, నేను బిగించి ఇచ్చాను, ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

వానలు వెనకపట్టాక డాక్టరమ్మ ఆఖరి మాట చెప్పింది. నడుం బాగుంది. కాలిలో బలం వచ్చింది. పాదం బయటి అంచున మొద్దుబారడం మాత్రం ఉండిపోవచ్చు. బస్సు వద్దు.

"కొన్నాళ్లా?" అన్నాడు.

"ఇక వద్దు," అంది ఆవిడ.

ఆ మాట పట్టుకుని డిపోకి వెళ్లాం. ఆయన లోపలికి వెళ్లాడు. నేను షెడ్డు బయట నిలబడ్డాను. ఎండ కాస్తోంది. గుంటల్లో నిలిచిన నీళ్ల మీద నూనె రంగులు తేలుతున్నాయి. ఒక బస్సు కడుగుతున్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన నడక ఎప్పటికంటే నెమ్మదిగా ఉంది.

"ఏమన్నారు?"

"కంట్రోలు గదిలో వేస్తారట. మైకులో బస్సులు పిలవడం. మధ్యమధ్య లేచి తిరగొచ్చట." గోడకేసి చూస్తున్నాడు. "మంచి ఉద్యోగమే."

"మంచిదే."

"మంచిదే," అన్నాడు మళ్లీ. మూడోసారి అనబోయి అనలేకపోయాడు.

డిపో మధ్యలో, అందరూ తిరుగుతున్నచోట, పట్టపగలు మా ఆయన ఏడ్చాడు. ఆపరేషన్ ముందు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. ఊరుకోండి అనలేదు నేను. దాటిపోతున్నవాళ్లకు కనిపించకుండా ఆయన ముందుకొచ్చి నిలబడ్డాను, అంతే. కడుగుతున్న బస్సునుంచి నీళ్లు మా చెప్పుల కిందికి వచ్చాయి. ఇద్దరం పక్కకు జరగలేదు.

కాసేపటికి చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఆకలేస్తోందే," అన్నాడు.

డిపో క్యాంటీన్‌లో బెంచీలు మరీ కిందికి ఉంటాయి. ఆయన కూర్చోలేడు. కిటికీ పక్కన చేతులు కడిగే గట్టు కాస్త ఎత్తుగా ఉంటే పళ్లాలు దాని మీద పెట్టుకుని ఇద్దరం నిలబడే తిన్నాం. డ్రైవర్లు వస్తూ పోతూ ఆయన వీపు తట్టబోయి, గుర్తొచ్చి భుజం తట్టి వెళ్తున్నారు. ఆయన పెద్ద పెద్ద ముద్దలు కలుపుతున్నాడు.

"నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"ఉంది."

"భయంగా ఉందా?"

"అదీ ఉంది," అన్నాడు నోటినిండా అన్నంతో. "ఇంకాస్త కూర వెయ్యమను."